నలభై రెండో భాగానికి అతుకులు

కమ్‌హా ఎడమచేతి బొటనవేలితో టేపును ఇత్తడి దిమ్మె గాడిలో అదిమిపట్టి, కుడిచేత్తో బ్లేడును ఏటవాలుగా లాగింది. "తలుపు తీసింది" అన్న మాట విడిపోయి ఆమె చేతిలోకి వచ్చింది. ఎనిమిది వేళ్ల పొడవుంది. దాన్ని బట్టల క్లిప్పుతో గోడకు కట్టిన తాడుకు తగిలించి, క్లిప్పు కింద చీటీ ఇరికించింది: బిస్కెట్లు, అరవై ఒకటి, తలుపు.

తాడు మీద అప్పటికే పందొమ్మిది ముక్కలున్నాయి. పంకా గాలికి గోధుమరంగు రిబ్బన్లలా ఊగుతున్నాయి. అన్నీ ఆమె భర్త గొంతే. ఆయన పోయి ఇరవై మూడు రోజులైంది.

ఈపో అనే తగరపు గనుల ఊళ్లో ఆయన్ని మొక్ గురువుగారు అనేవారు. కింటా తీగ రేడియోలో ముప్పై ఏళ్లపాటు రోజూ పన్నెండున్నరకు కాంటనీసు భాషలో కథ చెప్పాడు. చేతిలో కాగితం ఉండేది కాదు. ఒక చెక్కబిళ్ల, ఒక టీ కప్పు, కళ్లు మూసుకున్న ముఖం, అంతే. ఆ వేళకు గని కూలీలు పార పక్కన పెట్టేవాళ్లు, మంగలి కత్తి ఆపేవాడు, కాఫీ హోటల్లో చెంచాల చప్పుడు కూడా తగ్గేది. సరిగ్గా కత్తి దిగబోయే చోట, తలుపు తెరుచుకోబోయే చోట ఆయన బిళ్లతో బల్ల మీద ఠప్పున కొట్టి, "ఈలోపు గొంతు పట్టేసినవాళ్లు ఒక్క చుక్క మూడు నెమళ్ల మార్కు నూనె రాసుకోండి" అనేవాడు. ఊరంతా ఆయన్ని తిట్టుకుంటూ ఆ నూనే కొనేది.

స్టేషను పెట్టింది యాభై రెండులో. అప్పట్లో అడవుల్లో తిరుగుబాటుదారులతో కాల్పులు జరుగుతుండేవి. జనాన్ని తరలించి పెట్టిన కొత్త గ్రామాల చుట్టూ ముళ్లకంచెలు వేసి, మనుషులు బయటికి రావాలంటే చీటీ చూపించమనేవాళ్లు. ఆ కంచెల్లోపలికి రేడియో తీగ మాత్రం చీటీ లేకుండానే వెళ్లింది. స్తంభం నుంచి స్తంభానికి తీగ లాగి, ఇంటికొక చెక్కపెట్టె తగిలించారు. పెట్టెకు ఒకటే మీట. తిప్పితే పలుకుతుంది, తిప్పకపోతే లేదు. పొద్దున వార్తలు, పదింటికి సంగీత నాటకాలు, మధ్యాహ్నం కథ, వీటన్నిటి మధ్యా సబ్బులు, చాపలు, బ్యాటరీలు, దగ్గుమందులు. ప్రకటనల మీదే స్టేషను బతికింది. ఒక దశలో పదకొండు వేల పెట్టెలుండేవి. తర్వాత చేతిలో పట్టుకు తిరిగే రేడియోలు వచ్చాయి, టీవీ వచ్చింది, క్యాసెట్లు వచ్చాయి. వీధి వీధీ తీగ విప్పుకుంటూ వచ్చారు. ఎనభై నాలుగు మార్చికి మిగిలినవి ఏడువందల పెట్టెలు. ముప్పై ఒకటో తారీకు శనివారం మధ్యాహ్నంతో ఆ తీగను కూడా ఆపేస్తామని యజమానులు ఉత్తరం పంపారు.

కమ్‌హా యాభై ఏడులో అక్కడ నేల తుడవడానికి చేరింది. తుడుస్తూ తుడుస్తూ టేపు కోసే ముసలాయన చేతులు చూసింది. ఆ ఏడాదే ఆయనకు చూపు మందగిస్తే ఒకరోజు తనే కూర్చుని కోసింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. మూడేళ్లకు మొక్‌ను పెళ్లి చేసుకుంది.

మూడు వారాల కిందటి సోమవారం పొద్దున మొక్ నీళ్లతొట్టి దగ్గర పళ్లు తోముకుంటూ కూలబడ్డాడు. ముందురోజే 'పెట్టె మోసిన లేయి' కథ నలభై ఒకటో భాగం రికార్డు చేసి, రేపటితో కథ సరి అని అందులో చెప్పి ఉన్నాడు. పన్నెండున్నరకు ఆ భాగం యథాప్రకారం వచ్చింది, సీలు వేసిన పెట్టె మోసుకుంటూ నడిచిన లేయి విధవరాలి తలుపు తట్టబోయి చెయ్యెత్తేదాకా. కమ్‌హా అప్పుడు ఆసుపత్రి నడవాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఎదురుగా గోడకు రేడియో పెట్టె ఉంది. ఆయన గొంతు వినబడుతుంటే డాక్టరు వచ్చి ఆయన పోయాడని చెప్పాడు. ఆమె తల ఊపింది. ఆ క్షణంలో ఆమె మనసులోకి వచ్చింది ఒకటే: రెండో అతుకు కొంచెం వదులుగా పడింది, దగ్గు ముక్క మిగిలిపోయింది.

ఆ తర్వాత కూడా అలాగే ఉంది. అంత్యక్రియల్లో పురోహితుడి గంట మరీ దగ్గరగా మోగిందనుకుంది. మైలకు గుర్తుగా జుట్టులో తెల్ల ఊలు పువ్వు పెట్టుకుంది. అన్నం తింటే కడుపు నిండుతోంది, రుచి తెలియడం లేదు. చుట్టాలు ఆమె ముఖంలోకి చూసి, ఏడుపు ఎప్పుడొస్తుందా అని కాసుక్కూర్చుని, విసుగు పుట్టి వెళ్లిపోయారు.

రెండు రోజుల కిందట, సోమవారం నాడు ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. మేనేజరు యాప్ మెట్ల దగ్గరే పట్టుకున్నాడు.

"వదినా, శనివారం ఆఖరి గంట మనది. స్టేషను చరిత్ర ఇరవై నిమిషాలు, రెండు పాటలు, ఆ పైన మొక్ అన్న కథ. దానికి ముగింపు కావాలి. రోజుకు పది ఫోన్లు, లేయి తలుపు తట్టాడా లేదా అని. నిన్న ఒకావిడ నన్ను తిట్టింది చూడు, లేయిని నేనే ఆఫీసులో దాచిపెట్టినట్టు!"

"నాకు తెలియదు."

"ఇంట్లో చెప్పే ఉంటాడుగా."

"ఇంట్లో ఆయన మాట్లాడడు."

అది నిజం. గొంతు అరిగిపోతుందని ఇంట్లో మాటలు దాచుకునేవాడు. ఉప్పు కావాలంటే వేలు చూపించేవాడు, సరే అంటే కనురెప్ప దించేవాడు. ఇరవై నాలుగేళ్లలో ఆయన ఆమెతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే రెండు రీళ్లకు రావు.

"పోనీలే," అన్నాడు యాప్. "నాలుగు వాక్యాలు రాసిపెట్టు. పెట్టె చేరింది, విధవరాలు దండం పెట్టింది, శుభం. పూయ్‌కీ చదివేస్తుంది."

పక్క గదిలోంచి పూయ్‌కీ తల బయటపెట్టింది. మాండరిన్ వార్తలు చదివే అమ్మాయి. ఇరవై నాలుగేళ్లుంటాయి.

"నేనా? సార్, నా కాంటనీసు వింటే మా అమ్మమ్మ రేడియో కట్టేసి గుడికి పోతుంది."

"అయితే నన్ను చదవమంటావా? నేను హక్కా భాషవాణ్ణి. ఊరంతా గుడికి పోతుంది."

కమ్‌హా కాఫీకి దిగింది. మైలలో ఉన్నవాళ్లు నలభై తొమ్మిది రోజులు, పనిచోటు తప్ప, ఇంకొకరి గడప దాటకూడదు, అది హోటలైనా సరే. అందుకని కొట్టు ముందు వరండాలో నిలబడింది. హోటలువాడు ఖాళీ పాలడబ్బాలో కాఫీ పోసి, తాడు కట్టి బయటికి అందించాడు. అది చూసి లోపలి బల్ల దగ్గర్నుంచి తమ్ పెదనాన్న చేతికర్ర పట్టుకుని లేచి వచ్చాడు. తగరపు గనిలో నలభై ఏళ్లు చేసిన మనిషి. ఒక చెవి మాత్రమే పనిచేస్తుంది. దాన్ని రేడియో పెట్టెకేసి పెట్టుకుని కూర్చునేవాడు.

"అమ్మాయ్, లేయి ఇంకా ఆ గుమ్మం ముందే నిలబడ్డాడు. మూడు వారాలైంది. కాళ్లు పీకవూ పాపం?"

"శనివారం చెబుతారట, పెదనాన్నా. పూయ్‌కీ చదువుతుందట."

"ఎవరూ, ఆ వార్తల పిల్లా? ధరలు పెరిగినట్టు చెబుతుంది. వద్దు. దానికంటే వాణ్ణి అక్కడే ఉండనీ, నేను పోయేటప్పుడు వాణ్ణి పలకరించి పోతా." కర్ర మీదికి వంగాడు. "మీ ఆయన ఘటికుడు. ముప్పై ఏళ్లు మమ్మల్ని రోజుకొక తలుపు ముందు నిలబెట్టి నూనె అమ్మాడు. ఆఖరిసారి నిలబెట్టి తనే పోయాడు. ఆ కథ ఆ నోటితోనే వినాలమ్మా."

"ఆ నోరు లేదు."

"నోరు లేకపోతే మాటలూ లేవా? అన్నేళ్లు వాగాడు. మీ బీరువాల్లో ఉండవూ?"

కమ్‌హా కాఫీ డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగింది. బీరువాల్లో లేవు. ఎందుకు లేవో ఆమెకే తెలుసు. టేపు ఖరీదైంది. నలభై రీళ్లను తిప్పి తిప్పి వాడేవాళ్లు. కథ వచ్చిన మర్నాడు ఆ రీలును గుండ్రటి కరెంటు అయస్కాంతం మీద పెట్టి, మూడుసార్లు నెమ్మదిగా తిప్పి, మెల్లగా పైకి లాగితే టేపు పుట్టినప్పటిలా అయిపోతుంది. ఆ పని ఆమెదే. ఇరవై ఏడేళ్లలో ఎనిమిది వేల భాగాలు ఆమె చేత్తోనే చెరిపింది. నలభై ఒకటో భాగం మిగిలిందంటే, ఆ మర్నాడు ఆమె పనిలోకి రాకపోబట్టే.

మెట్లెక్కుతూ మధ్యలో ఆగింది. కథలు చెరిపారు. ప్రకటనలు చెరపలేదు. డబ్బు కట్టినవాడు ఎప్పుడొచ్చి అడిగినా వినిపించాలని ఒప్పందం. సంవత్సరాల వారీగా పెట్టెల్లో, దుమ్ము కింద, అన్నీ ఉన్నాయి. అందులో సగం మొక్ గొంతే. ఆయన ప్రకటనను కూడా కథలాగే చెప్పేవాడు. బిస్కెట్లు అమ్మాలంటే ముందు ఒక కొడుకును ఊరు పంపించి, వానలో ఇంటికి తెప్పించి, తల్లి చేత తలుపు తీయించి, అప్పుడు డబ్బా మూత తెరిపించేవాడు.

ఆ మధ్యాహ్నం పెట్టెలు దించింది. మంగళవారమంతా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. గొంతు నూనె, సోయా పులుసు, దోమల చుట్ట, బాలింతలకిచ్చే అల్లం సారా, పండగ చెప్పులు, మళ్లీ గొంతు నూనె. భర్త గొంతు ఇంత సేపు ఇంత దగ్గరగా ఆమె ఎన్నడూ వినలేదు. ఏదో ఒకటి కదులుతుందనుకుంది. ఏమీ కదల్లేదు. పసుపు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ పోయింది.

గురువారం యాప్ గదిలోకి వచ్చి, తాడు మీది ముక్కలు చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వదినా, ఏంటిది?"

చెప్పింది.

"చచ్చినవాడి చేత మాట్లాడిస్తావా?" గొంతు తగ్గించాడు. "నలభై తొమ్మిది కూడా కాలేదు. ఇక్కడిక్కడే తిరుగుతుంటాడు. వింటాడు."

"వింటే తప్పులు చెబుతాడు. బతికున్నప్పుడు చెప్పేవాడు."

"జోకులా? రేపు ఎవరైనా అడిగితే? ఇది మొక్ చెప్పింది కాదు, ఆయన పెళ్లాం అల్లింది అంటే?"

"ప్రతి మాటా ఆయన నోట్లోంచి వచ్చిందే. నాది ఒక్కటీ లేదు. వరస ఒక్కటే నాది. నేను ఇరవై ఏడేళ్లు చేసిందీ అదే కదా. ఆయన దగ్గి, తడబడి, రెండుసార్లు చెబితే, వరస పెట్టి మీకిచ్చాను. అప్పుడు మీరెవరూ అడగలేదు."

యాప్ తాడు కేసి చూశాడు. ఒక ముక్కను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేపు సాయంత్రం నాలుగింటికి వింటాను. అతుకు తెలిసిందా, పూయ్‌కీయే చదువుతుంది. నా మాట అంతే."

అంటే ఒక్క రోజు. ఎవరో నాలుగు వాక్యాలు చదివేస్తే ముప్పై ఏళ్ల పనికి అదే ఆఖరి మాటవుతుంది. కమ్‌హా దుఃఖం సంగతి ఆలోచించలేదు, ఆ నాలుగు వాక్యాల సంగతే ఆలోచించింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

ముక్కకు ముక్క అతికించడం పిల్లలైనా చేస్తారు. ఊపిరి కలవాలి, గొంతు ఎత్తు కలవాలి, గది కలవాలి. అరవై ఒకటి నాటి గదిలో పంకా లేదు. డెబ్భై రెండు నాటి గదిలో కిటికీ బయట రిక్షా గంట. ఎనభై మూడు నాటి గొంతులో బొంగురు. ఎక్కడ గది మారుతుందో అక్కడ ఆమె టీ కప్పు పెట్టిన చప్పుడో, చెక్కబిళ్ల దెబ్బో వేసింది. చప్పుడు తగలగానే చెవి ఒక్క క్షణం మూసుకుంటుంది. ఆ క్షణంలో పదేళ్లు దాటించవచ్చు. ఆయన ఊపిరి పీల్చిన ముక్కలు ఒక డబ్బాలో విడిగా దాచింది. అవసరమైన చోట ఒక్కొక్కటి తీసి వేసింది.

లేయి పేరు దగ్గర పని ఆగిపోయింది. ఏ ప్రకటనలోనూ ఆ పేరు లేదు. నలభై ఒకటో భాగంలో పదకొండుసార్లుంది. పదిసార్లు కొట్లాటలో, పరుగులో, కేకల్లో. ముగింపుకు పనికిరావు. పదకొండోది పూటకూళ్లావిడ దీపం తగ్గిస్తూ అడిగినప్పటిది, "లేయి, నిద్రపోలేదా?" అని. ఆ పేరు వెనకాల ప్రశ్న అంటుకునే ఉంది. దాన్ని ఊపిరి మొదలయ్యే చోట కోయాలి. మొదటిసారి వెంట్రుకవాసి ఎక్కువ తెగింది. రీలు నుంచి రెండో యంత్రం మీదికి మళ్లీ నకలు తీసింది. రెండోసారి తక్కువ తెగింది. మూడోసారి బ్లేడు మార్చింది. ఈసారి పేరు ఒంటరిగా, మెత్తగా బయటికొచ్చింది. అప్పటికి మూడింటి వాన మొదలై వెలిసింది కూడా. కాఫీ చల్లారిపోయి ఉంటే తాగింది.

శుక్రవారం మూడున్నరకు పూయ్‌కీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. "సారుకంటే ముందు నేను వింటా వదినా. అతుకు దొరికితే చెప్పేస్తా. చదవడం తప్పించుకోవాలని అబద్ధం చెబుతానేమోనని భయపడకు."

కమ్‌హా మీట నొక్కింది.

ముందు ఆరు నిమిషాలు నలభై ఒకటో భాగం చివర. ఏటి ముఖద్వారం, చీకటి సందు, వీపు మీద సీలు వేసిన పెట్టె. లేయి చెయ్యెత్తాడు. బిళ్ల దెబ్బ. ఇదివరకు అక్కడ నూనె ప్రకటన ఉండేది. ఇప్పుడు లేదు.

"తలుపు తట్టాడు. లోపల దీపం కదిలింది. తలుపు తీసింది. ఎవరో పోల్చుకోలేదు. తర్వాత పోల్చుకుంది. 'వచ్చావా? అన్నం తిన్నావా?' పెట్టె దించి ఆమె ముందు పెట్టాడు." కప్పు చప్పుడు. "మూత తీసింది. లోపలికి చూసింది. గొంతు పట్టేసింది. ఒక్క మాట రాలేదు. బయట వాన పడుతోంది. లేయి, ఇన్నాళ్లు నడిచిన చెప్పులు విప్పి, గుమ్మం పక్కన, జతగా పెట్టాడు. వేడి వేడి టీ పోసింది. కూర్చున్నాడు."

అంతే. టేపు తోక చక్రం మీద టపటప కొట్టుకుంది.

పూయ్‌కీ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోంది. కమ్‌హా రీలును అవతలికి జరిపింది.

"టేపు మీద పడనీకు."

"గొంతు పట్టేసింది అన్నది... అది ఆ నూనె ప్రకటనలోదే కదూ?"

"డెబ్భై ఎనిమిది."

"తెలియలేదు వదినా. తెలిసి కూడా తెలియలేదు." ముక్కు తుడుచుకుంది. "ఒకటుంది. చెప్పనా? చివరికొచ్చేసరికి గురువుగారి గొంతు లేతగా ఉంది."

"అవి అరవై ఒకటివి. టీ, కూర్చోవడం. వేరే చోట దొరకలేదు."

"మార్చకు."

"మార్చడానికి ఇంకేం లేదు."

"పెట్టెలో ఏముంది?"

"ఏ ప్రకటనలోనూ లేదు."

నాలుగింటికి యాప్ వచ్చి నిలబడే విన్నాడు. రెండోసారి వేయించుకుని విన్నాడు. మూడోసారి అడగలేదు. "నూనె వర్తకుడు ఫోను చేస్తాడు," అన్నాడు చివరికి. "ఆఖరి రోజు నా ప్రకటన ఏదీ అని."

"లోపలుందని చెప్పండి. వెతుక్కుంటాడు."

యాప్ నవ్వబోయి ఆగి, జేబులోంచి రుమాలు తీసుకుంటూ బయటికి వెళ్లాడు.

శనివారం పొద్దున కమ్‌హా పెందలాడే వచ్చింది. ఎనభై ఏడు అతుకులు. ఒక్కొక్కదాని మీదా గోరు వెనక వైపుతో రుద్దింది, లోపల గాలి మిగలకుండా. ఎండకు ఒకటి అంచు లేచింది. దాన్ని తీసి కొత్త అతుకు టేపు వేసింది. ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వేగం తగ్గించి నడిపింది. ఎక్కడా పట్టుకోలేదు, ఎక్కడా జారలేదు. తాడు మీద మిగిలిన ముక్కలను విప్పి కవరులో పెట్టింది. బల్ల తుడిచింది. బ్లేడు కాగితంలో చుట్టి చెత్తలో వేసింది. ఛాతీలో ఏమైనా ఉందా అని ఒకసారి చూసుకుంది. ఆకలి ఉంది.

డబ్బా మూత మీద చీటీ అంటించి రాసింది: పెట్టె మోసిన లేయి, నలభై రెండు, ఆఖరు. చెప్పినవారు మొక్. నిడివి ఎనిమిది నిమిషాల పది సెకన్లు.

పదకొండున్నరకు యంత్రాల గది తలుపు దగ్గర పూయ్‌కీ నిలబడి ఉంది. లోపల స్టేషను చరిత్ర నడుస్తోంది, ఎవరిదో గొంతు యాభై రెండు నాటి స్తంభాలు లెక్కపెడుతోంది. కమ్‌హా డబ్బా రెండు చేతులతో అందించింది. పూయ్‌కీ రెండు చేతులతో తీసుకుంది.

"టేపు తోక బయటికుంది," అంది కమ్‌హా. "మొదటికి తిప్పి ఎక్కించు."